గరిటెకి వీసా

"గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు," అని షెఫ్ గారు అనగానే మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన మాట్లాడేటప్పుడు నోట్లో వేడి టీ ఉంటే పొలమారుతుందని అతనికి అనుభవం.

టీ కొట్టు బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్న టైలర్‌కి నవ్వే ఓపిక కూడా లేదు. రేపు మధ్యాహ్నం వాళ్లక్క ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరవుతోంది. వార్డు మొత్తం భోజనానికి వస్తోంది. వండిపెడతానన్న వంట మేస్త్రి పొద్దున్నే స్కూటరు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చేతికి కట్టు కట్టింది కూడా అక్కే. ఊళ్లో మిగతా వంటవాళ్లందరి ఇళ్లకీ తిరిగొచ్చాడు టైలర్, ఒక్కరూ ఖాళీ లేరు. ఇక మిగిలింది షెఫ్ గారే. ఎన్నో దేశాల్లో గరిటె తిప్పొచ్చిన మనిషి. తిప్పొచ్చానని ఆయనే చెప్పాడు.

అమ్మ పోయినప్పటి నుంచి టైలర్ని పెంచింది అక్క. డ్యూటీ నుంచి రావడం, వండటం, అందరికీ పెట్టడం, చివర్లో గిన్నె అడుగున మిగిలింది పొయ్యి దగ్గరే నిలబడి తినడం. ఆవిడ కూర్చుని వేడివేడిగా తినగా అతను బుద్ధెరిగాక చూడలేదు. రేపు ఒక్క పూటైనా చూడాలని అతని ఆశ. అందుకని మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"నేను ఓడలో చేరిన కొత్త," అంటున్నాడు షెఫ్ గారు. "పెద్ద వంటవాడికి జ్వరం. కెప్టెన్ తాగే సూపులో ఎవడో ఉప్పు రెండుసార్లు వేసి చచ్చాడు. అందరూ గజగజ వణికిపోతున్నారు. నేను తాపీగా వెళ్లి, ఒక బంగాళాదుంప కోసి పడేశా. ఉప్పు సర్దుకుంది. కెప్టెన్ కిందికి దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడంటే నమ్ము."

టైలర్ నమ్మాడు. కూరలో ఉప్పెక్కువైతే అక్క కూడా బంగాళాదుంపే వేస్తుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అయితే షెఫ్ గారూ, రేపు మా..."

"ఆగవయ్యా! ఓడింకా ఒడ్డుకి చేరలేదు." ఆయన కాలు మీద కాలేసుకున్నాడు. "చేరాం. మంచు దేశం."

"ఏ దేశమండీ?" అన్నాడు టీ కొట్టాయన, గిన్నెలో పాలు పొంగకుండా చూసుకుంటూ.

"పేరు చెప్తే నీకు నోరు తిరగదు. అక్కడ చలి అంటే మన చలి కాదు. సూపు కాచి మూత తీశానా, ఆవిరి పైకి లేచి అక్కడికక్కడే గడ్డకట్టేసింది. వాసన కూడా అందులోనే ఇరుక్కుపోయింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"మూత మళ్లీ పెట్టేశారు," అన్నాడు మెకానిక్.

"అది నీలాంటివాడు చేసే పని. నేను సుత్తి తెప్పించి ఆ వాసనని ముక్కలు కొట్టించి, డబ్బాల్లో వేసి పక్క దేశానికి పంపించా. వాళ్లు డబ్బాని కాస్త వెచ్చబెట్టుకుని, మూత తీసి, ఆ వాసన నంజుకుని రొట్టెలు తిన్నారు. ఇప్పటికీ వాళ్ల బీరువాల్లో నా వాసన ఉంది."

"మరి సూపు?"

"సూపు ఎవడిక్కావాలయ్యా!"

మెకానిక్ తల పక్కకి తిప్పుకుని దగ్గాడు. పోనీలే, మనిషి కాస్త కలిపి చెప్తాడు, ఇందులో పావు వంతు నిజమైనా రేపటికి గట్టెక్కుతాను అనుకున్నాడు పాపం టైలర్.

"అన్నం, పప్పు, రెండు కూరలు చాలండి," అన్నాడు. "పెద్ద పొయ్యి మాట్లాడాను, గ్యాసు..."

"గ్యాసా?" షెఫ్ గారు జాలిగా నవ్వాడు. "ఎడారి దేశంలో నేను అగ్గిపుల్ల ముట్టుకుంటే ఒట్టు. ఎండలో గిన్నె పెట్టడం, వండటం. మంట తగ్గించాలా, గిన్నె మీద గొడుగు పట్టేవాళ్లం. బాగా సన్న సెగ కావాలా, గొడుగు మీద ఇంకో గొడుగు. ఓసారి నా గొడుగులవాడు కునుకు తీశాడు. అంతే, కూర మాడింది, గిన్నె మాడింది, గిన్నె కింద ఇసక కరిగి అద్దమైపోయింది. ఆ అద్దంలో తల దువ్వుకుని మరీ వడ్డనకి వెళ్లాను."

"మాడిన కూరే వడ్డించారా?" అని టీ కొట్టాయన అమాయకంగా అడిగాడు.

"అదే ఆ దేశపు జాతీయ వంటకం అయి కూర్చుంది!"

"షెఫ్ గారూ, మీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు టైలర్. "మా అక్క జీవితంలో ఒక్క పూట కూర్చుని తినాలండీ. వస్తారా, రారా? ఒక్క మాట చెప్పండి."

ఒక్క మాట చెప్పడం షెఫ్ గారి వంశంలోనే లేదు. "ఆ తర్వాత ఏమైందో విను. రెండు దేశాలకి యుద్ధం. సరిహద్దు మీద నన్ను నిలబెట్టి, రెండు సైన్యాలకీ నువ్వే వండాలన్నారు. సగం గుండిగ ఇటు, సగం అటు. గరిటె ఇటు నుంచి అటు వెళ్లిందో లేదో, అటు ఆఫీసరు పట్టుకుని వీసా ఏదీ అన్నాడు. ఇటు తిరిగొస్తే ఇటువాడు స్టాంపు కొట్టాడు. కలిపినప్పుడల్లా స్టాంపే! చివరికి గరిటె మీద చోటు చాలక దానికి ఇంకో కాడ అతికించారు. వంట పూర్తయ్యేసరికి రెండు సైన్యాలూ తుపాకులు పడేసి కంచాలు పట్టుకున్నాయి. సంధి కాగితం ఎక్కడ రాసుకున్నారనుకున్నావ్? నా ఏప్రన్ మీద."

"అది ఉతికేశారా?" అన్నాడు మెకానిక్.

"మా ఆవిడ ఉతికేసింది. అందుకే వాళ్లు మళ్లీ కొట్టుకుంటున్నారు."

అప్పుడే డ్యూటీ దిగిన అక్క చేతిసంచీతో అటే వచ్చింది. టీ అందుకుని ఎప్పట్లాగే నిలబడి తాగుతూ తమ్ముడి మొహం చూసింది. "ఎందుకురా అలా ఉన్నావు? రేపటి సంగతేనా? పొద్దున్నే లేచి నేనే వండేస్తాలే."

టైలర్‌కి ఒళ్లు మండింది. "నీ రిటైర్మెంటుకి నువ్వే వండుకుంటావా? కుదరదు. షెఫ్ గారూ, తేల్చండి!"

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఇక పారిపోవడానికి దేశాలు మిగల్లేదు. షెఫ్ గారు మీసం సవరించుకుని, "వస్తాను," అన్నాడు. "నా స్థాయికి చిన్న పనే. నర్సమ్మ కోసం ఒప్పుకుంటున్నా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇన్ని దేశాల్లో, ఇంతమంది రాజులు, సైనికులు... నా చేతి వంట తిని ఇంతవరకూ ఒక్క మనిషికి కడుపునొప్పి వచ్చిందంటే చెవి కోయించుకుంటా!"

టైలర్ ఆనందం పట్టలేక ఆయన చేతులు పట్టుకున్నాడు.

"ఒక్కరికి వచ్చిందిగా అన్నయ్యగారూ," అంది అక్క.

"ఎవరికి?"

"మీకే."

టీ కొట్టాయన పాలగిన్నె సంగతి మర్చిపోయాడు.

"మొన్న వేసవిలో వదినగారు పుట్టింటికెళ్లిన మర్నాడే మీరు మా వార్డులో ఉన్నారు కదా. ఏం తిన్నారండీ అంటే, నేనే స్వయంగా గుడ్డు ఉడకబెట్టుకున్నా అన్నారు. గడియారం చూసుకుని మరీ నీళ్లలో ఉంచారట. పొయ్యి మాత్రం వెలిగించలేదు. పెంకు కొడితే సొన జారిందట. విదేశాల్లో ఇలాగే ఉంటుందిలే అని గ్లాసులో పోసుకుని తాగేశారు. నా సర్వీసంతటిలో గుడ్డు ఉడకబెట్టుకుని సెలైన్ దాకా వచ్చిన మనిషి మీరొక్కరే."

మెకానిక్ బెంచీ మీంచి జారి కింద కూర్చుని నవ్వాడు. టైలర్ మెల్లగా ఆయన చేతులు వదిలేశాడు. అతనికి నవ్వూ, ఏడుపూ కలిసొచ్చాయి.

"సరే, నేనే వండుతానన్నాగా," అంది అక్క.

"వద్దు!" అని అరిచాడు టైలర్. "నువ్వు పొయ్యి దగ్గరికి వచ్చావంటే నా మీద ఒట్టే. భోజనం లేకపోతే పోయింది. బేకరీ నుంచి వేడి బన్నులు తెస్తా. టీ ఈయన కాస్తాడు. వార్డంతా టీ, బన్నే తింటారు. నువ్వు మాత్రం కుర్చీలో కూర్చుంటావు. నేను అందిస్తా. చల్లారకముందే తింటావు. అంతే!"

"టీ నాది," అన్నాడు టీ కొట్టాయన.

అక్క కళ్లు తుడుచుకుంది. మెకానిక్ ఖాళీ చేసిన చోట బెంచీ మీద కూర్చుని మిగతా టీ తాగింది.

షెఫ్ గారికి ఊరుకోవడం అరగలేదు. "మంచి నిర్ణయం," అన్నాడు. "నేనొక దేశంలో ఉండగా రాజుగారి పట్టాభిషేకానికి అచ్చంగా టీ, బన్నే పెట్టారు తెలుసా?"

"మీరే చేశారా అన్నయ్యగారూ?" అంది అక్క.

"అబ్బే, ఆ రోజు బేకరీవాళ్లు..."

"అదీ సంగతి," అంది అక్క. "అందుకే రాజు బతికి బట్టకట్టాడు."