ఫ్రిజ్జుల వారం కూరలు

సోమవారం సాయంత్రం కామారెడ్డి ఆఫీసు నుంచి బస్సులో ఎల్లారెడ్డికి చేరిన కోడలు, చేతిసంచి దించకుండానే ఫ్రిజ్ తలుపు తీసింది.

"అత్తమ్మా, నిన్న పొద్దంత వండిపెట్టిన డబ్బాలేవి?"

"కడిగి బోర్లేసిన, బిడ్డా."

"కడిగినవా? అండ్ల వారానికి సరిపోను కూరలుండె గదా!"

"పొలంకాడ నాటేసేటోళ్ళకు బువ్వ పంపాలె గదా. పొయ్యి ముట్టిద్దామని కూరగాయలకు ఫ్రిజ్ తీస్తే అన్నీ తయారుగున్నయ్. వాళ్ళకోసమే చేసినవనుకున్న. మీ మామ కొంచవోయిండు."

"అవి పిల్లల టిఫిన్లకు. ఈ వారమన్న నాలుగింటికి లేవకుంట, ఇంకింత సేపు పందామని చేసిన."

"నిన్న పొద్దంత నేను పొలంకాడనే ఉంటి, నాకొక్క మాట చెప్పొద్దా మరి?"

"చెప్తే, ఫ్రిజ్జుల కూర పిల్లలకు పెడ్తవా అని లొల్లి చేస్తవనుకున్న."

"చేస్తుంటి. అబద్ధమెందుకు."

"ఇగ రేపు మళ్ళ నాలుగింటికే."

"నువ్వు పండు. ఈ వారమంత నేను లేస్త. వచ్చే ఆదివారం ఇద్దరం కూసొని రెండింతలు వండుదాం."

"రెండింతలెందుకు?"

"నాట్లు ఇంక ఒడువలే గదా, అయిపోయేసరికి ఇంకో రెండు వారాలు పడ్తది. వాళ్ళ కూరల కారం మాత్రం నేనేస్త. ఇయ్యాల్టిది సంటిపిల్లల బువ్వ లెక్కున్నదని నవ్విండ్రట."