దగ్గు లేని టీబీని పట్టిన ఖుర్షీదాపా

రజాక్ భాయ్, అమ్మను పోగొట్టుకున్న బిడ్డా నూరీన్, మరమగ్గాలు ఆపి వచ్చిన అన్నలారా, అక్కలారా, లక్సెట్టిపేట దిక్కుకెళ్లి ఆటోలల్ల వచ్చిన అందరికీ నమస్కారం, సలాం.

మన ఖుర్షీదాపా, మనందరి అక్క, పోయి ఇయ్యాల్టికి ఇరవై రోజులు. టీబీ రోగులను చూసే నర్సమ్మ. పందొమ్మిదేండ్లు కాంట్రాక్టు మీదనే చేసింది. ఊర్లు తిరిగొచ్చి స్కూటీ దిగుతుంటే గుండె ఆగింది. ఏడ్చుడు నాకు రాదు, కోపం వస్తది. కోపంగనే మాట్లాడుత. రజాక్ భాయ్, మీ ఇంటామె సంతాపసభల తప్పయితే మాఫ్ చెయ్యాలె.

టీబీ అంటే ఏంది? ఎవరినైనా అడుగుండ్రి. దగ్గు, తెమడ, నెత్తురు అంటరు. మరి చర్మానికి టీబీ వస్తదని మనకు ఎవరు చెప్పిండ్రు? ఏ గోడ మీద రాసిండ్రు?

నా భార్య అనసూర్య చెంప మీద ఎర్రమచ్చ లేచింది. దురద లేదు, మంట లేదు. మా అత్తమ్మ సర్పి అన్నది, గదే పొక్కులు లేచే రోగం. సర్పి లేస్తే మన దిక్కు కుమ్మరాయన ఎర్రజాజు మట్టితోటి మచ్చ మీద సింహం గీస్తడు, తెలుసుగద. నేనేమో మూఢనమ్మకాల మీద పుస్తకాలు రాసినోణ్ని. ఊకుంటనా? ఇల్లు పీకి పందిరేసి, జాజు కడిగించి, మందుల షాపుల అడిగి ఒక ట్యూబు తెచ్చిన. మూడేండ్లు రాయించిన. రాస్తే వాడేది, ఆపితే పాకేది.

ఓనాడు ఆపా వేరే పని మీద మా ఇంటికి వచ్చి ఆ మచ్చ చూసింది. సంచిలకెళ్లి గాజుపలక తీసి చెంపకు ఒత్తింది. ఎరుపు పోయి లోపల బెల్లప్పాకం రంగు చుక్కలు కనబడ్డయి. “ఒక అంచు మానుతుంది, ఇంకో అంచు పాకుతుంది. నాకైతే అనుమానమే సార్. డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలె” అన్నది. నేను కుమ్మరాయన మీద ఎగిరితే నవ్వింది. “మీ ట్యూబు గూడ జాజే సార్. తెల్లగుంటది, గంతే.”

మిత్రులారా, నా మీద ఇన్నేండ్లల్ల వచ్చిన విమర్శలల్ల నేను ఒప్పుకున్నది అదొక్కటే. పరీక్షల టీబీ తేలింది. అనసూర్య ఆరు నెలలు గోలీలు మింగింది, తగ్గింది. చెంప మీద చార మిగిలింది. ఆ చార పెట్టింది కుమ్మరాయన కాదు, నేను.

అయినా బుద్ధి రాలే. కుమ్మరి గోపాలన్న మీద కరపత్రం వేద్దామనుకున్న. ఆపా ఏం చేసింది? ఆయన కుండలు చేసే సారె కాడికి పోయి కూసుంది. “అన్నా, సర్పి అయితే మండుతది, నీటి పొక్కులొస్తయి, ఇరవై రోజులల్ల ఎండిపోతది. మండకుండ, సలుపకుండ నెలల కొద్దీ పాకేది నీది గాదు, నాది. నాకు పంపు” అన్నది. గోపాలన్న తక్కువోడా? “మరి నీ కాడికొచ్చే సర్పులు నాకు పంపుతవా ఆపా?” అన్నడు. నవ్వుండ్రి, ఆపా గూడ నవ్వింది. నాలుగేండ్లల్ల ఆయన ఆరుగురిని పంపిండు. ముగ్గురికి టీబీ తేలింది. పుస్తకాలు రాసిన నేను ఎంతమందిని పంపిన? ఒక్కరిని గూడ పంపలే.

ఇంకో సంగతి. మగ్గాలకు నూలు కండెలు చుట్టే రోజారాణికి మెడ గడ్డ పగిలి చీము కారింది. పసరు కట్టిండ్రు, వాతలు పెట్టిండ్రు. చివరికి టీబీ అని తేలి గోలీలు మొదలువెడితే రెండు నెలలకే పుండు మానింది. మానింది గదా అని గోలీ బంద్ పెట్టింది. ఆపా పోయి ఎదురుంగ కూసొని తానూ కండెలు చుట్టుడు మొదలువెట్టింది. “పుండు మానిందని నీకు తెలుసు పిల్లా, లోపలి పురుగుకు ఇంక తెల్వది.” పని రాక పోగులు తెంపుతుంటే రోజారాణే లబలబలాడింది: “నీకు దండం పెడుత, లే ఆపా!” గోలీ మింగినంకనే ఆపా లేచింది.

ఇగ అసలు మాట. ఆపా చేతుల మీద ఇంకా పద్నాలుగు మంది ఉన్నరు. మందు సగంల ఉన్నది. ఇరవై రోజులాయె, ఆమె జాగల మనిషి రాలే. అడిగితే ఫైలు పై ఆఫీసుకు పోయిందంటరు. పురుగు ఫైలు కోసం ఆగుతదా? సగంల వదిలితే రోగం తిరగబడదా? అప్పుడు అదే మందుకు లొంగకపోతే ఎవరు జవాబు చెప్తరు? బయట ఫ్లెక్సీ కట్టిన పెద్దమనుషులారా, ఆపా ఫొటో కన్న మీ ఫొటోలు పెద్దగున్నయి. ఆ ముఖాలతోటి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయిండ్రా?

రజాక్ భాయ్ నాలుగో రోజు నుంచే భార్య స్కూటీ మీద ఐదుగురి ఇండ్లకు పోతుండు. ఎదురుంగ నిలబడి గోలీ మింగిస్తుండు. ఈ మాట చెప్పొద్దన్నడు. చెప్పిన. సిగ్గుపడాల్సింది ఆయన కాదు గనుక చెప్పిన.

రేపు పొద్దున దవాఖాన ముందట కూసుంటున్నం. మనిషిని పంపేదాక లేవం. కాని గోలీ రేపటిదాక ఆగదు. తొమ్మిది మంది మిగిలిండ్రు, ఊరికొక్కరు. పేర్లు చెప్పను, ఊర్లు చెప్త. ఒక ఊరికి గోలీ మింగించ నేను పోత.

ఇగ లేవుండ్రి. ఖుర్షీదాపా కోసం రెండు నిమిషాలు మౌనంగ నిలబడుదాం. తర్వాత మిగిలిన ఎనిమిది ఊర్లు చదువుత, పోయెటోళ్లు చెయ్యెత్తుండ్రి. ఎనిమిదో ఊరికి చెయ్యి లేచినంకనే అందరం కూసుందాం.