ఊరిని లాక్కెళ్ళిన చేప

అందరూ సరంగు అని పిలుస్తారు గానీ, ఆయన నడిపేది ఓడేం కాదు. ఆరుగురు ఎక్కితే ఏడోవాడు కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకోవాల్సినంత పడవ. దాంట్లో జనాన్ని సముద్రపు పాయ మీదుగా అవతలి ఒడ్డుకు దాటిస్తుంటాడు. రేవు పక్కనే టీ కొట్టు నడిపే ఆయన అక్కకి తమ్ముడి సంగతి బాగా తెలుసు. మామూలు రోజున పిసరంత కల్పిస్తాడు. లోపల భయం పట్టుకున్న రోజున మాత్రం నోటికి పట్టపగ్గాలుండవు.

ఆ రోజు కొట్టు ముందు బెంచీ మీద, ఒళ్ళో టేపు చుట్ట పెట్టుకుని సర్వేయరమ్మ కూర్చునుంది. ఆమెను చూడగానే అక్క అనుకుంది, ఇవాళ వీణ్ణి ఆపడం నా వల్ల కాదని.

సంగతేమిటంటే, ముప్పై ఒక్క ఇళ్ళున్న ఆ రేవు ఊరి ఒడ్డుని నీళ్ళు ఏటా కాస్త కాస్త కోసుకుపోతున్నాయి. పోటు నిండుగా ఉన్నప్పుడు చివరి ఇంటి గోడ నుంచి నీటి అంచు దాకా ఇరవై మీటర్లు తేలితే ఊరు ఉన్నచోటే ఉంటుంది. తేలకపోతే అందరినీ గుట్ట వెనక్కి తరలిస్తారు. గుట్ట వెనక నీళ్ళు కనపడవు సరికదా, నీళ్ళ చప్పుడు కూడా వినపడదు. ఆ చివరి ఇల్లు టీ కొట్టు అక్కది. పోటు నిండడానికి ఇంకా రెండు గంటలుంది. అంతదాకా చేసేదేం లేక ఊరంతా కొట్టు చుట్టూ చేరి నీళ్ళ వంక చూస్తోంది.

"మేడమ్ గారూ," అన్నాడు సరంగు గొంతు సవరించుకుని, "మీరు నీళ్ళు కొలవడానికొచ్చారు బాగానే ఉంది గానీ, ఈ నీళ్ళలో ఏముందో మీకెవరైనా చెప్పారా?"

"మొదలెట్టాడ్రా బాబూ," అన్నాడు అక్క మొగుడు. ఊళ్ళో ఐసు డిపో ఆయనదే.

"నువ్వుండు బావా. పెద్ద విషయమేం కాదు లెండి మేడమ్. ఓ రోజు బేరాల్లేక, పడవని రేవు గుంజకి కట్టేసి గాలం వేసుకు కూర్చున్నాను. ఓ చేప పడింది. ఎంతుంటుంది, మహా అయితే నా చెయ్యంత. అబద్ధం చెప్పాల్సిన ఖర్మ నాకేంటి?"

"చెప్పకపోతే నీకు టీ గొంతు దిగదుగా," అన్నాడు వలలు బాగుచేసే తాత, సూది మీంచి తల ఎత్తకుండానే.

"తాతా, పూర్తిగా విను. చెయ్యంత అన్నాను చూశారూ, అది తల. తల మాత్రమే. మిగతాదంతా ఇంకా నీళ్ళలోనే ఉంది. లాగాను, లాగాను, ఎనిమిదింటికి మొదలెడితే పదింటికి నడుం దగ్గరకొచ్చాం. చేప నడుం లెండి, నాది ఎప్పుడో పోయింది. అప్పుడొచ్చింది దానికి కోపం. రాదా మరి, రెండు గంటలసేపు మూతి పట్టుకు లాగితే మీకైనా రాదూ? తోక ఒక్కసారి విదిలించింది. పడవ ముందుకి దూకింది. పడవ గుంజకి కట్టుందా, గుంజ కదిలింది. గుంజ రేవు చెక్కలకి బిగించుందా, రేవు కదిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రేవుకి నా కొట్టు ఆనుకునుంది, అదీ కదిలిందంటావు. ఇక చాలు, ఆపరా," అంది అక్క గ్లాసులు కడుగుతూ. ఆపుదామనే అంది గానీ, అది కాస్తా వాడికి మాట అందించినట్టయింది.

"అదీ! చూశారా మేడమ్, సాక్షి! అక్క కొట్టు కదిలింది. ఎంత మెత్తగా లాగిందంటే, పొయ్యి మీద పాలు పొంగలేదు. కొట్టు వెనక ఐసు డిపో, డిపో వెనక వలల షెడ్డు, అక్కణ్ణుంచి గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు. గూడ్సు బండి పెట్టెల్లాగా ముప్పై ఒక్క ఇళ్ళూ వరసగా బయల్దేరాయి!"

"అప్పుడు నేనెక్కడున్నాను?" అన్నాడు బావ.

"నిద్రపోతున్నావు. నువ్వెప్పుడు మేలుకునున్నావు గనక?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయి, రేవు మెట్ల వైపు చూసింది. నీళ్ళు రెండో మెట్టు దాటాయి. తమ్ముడూ అటే చూశాడు. చూసి, గొంతు ఇంకాస్త పెంచాడు.

"నాలుగు మైళ్ళు పోయాం మేడమ్! ఎవరికీ తెలీదు. ఎండ వేరే వైపు నుంచి పడుతుంటే ఆడవాళ్ళు బట్టలు ఇటు తీసి అటు ఆరేసుకున్నారు గానీ, ఇదేంటని ఒక్కరడిగితే ఒట్టు. పోస్టుమాన్ పాపం, ఉత్తరాలు పట్టుకుని వస్తే ఏముంది, ఊరు లేదు. సైకిలు స్టాండేసి ఖాళీ జాగాలో కూర్చున్నాడు. ఇక్కడ మాకు సముద్రంలో ఓ పెద్ద ఓడ ఎదురొచ్చింది. హారన్ కొట్టి, తప్పుకోమని చేతులూపాడు కెప్టెన్. ముప్పై ఒక్క ఇళ్ళున్న ఊరు పక్కకి తప్పుకోవడమంటే మాటలా? వాడే తప్పుకున్నాడు."

"మరి తిరిగెలా వచ్చారు?" అంది సర్వేయరమ్మ. పొద్దుణ్ణుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు.

సరంగు ఛాతీ రెండంతలైంది.

"మాట్లాడుకుని వచ్చాం. గాలం తాడు చెంపకి ఆనించుకుని చెప్పాను దానికి. 'చూడమ్మా, నీ కోపం నా మీద. వీళ్ళు నిన్నేం చేశారు? వీళ్ళకి ఈ నీళ్ళు తప్ప ఇంకోటి తెలీదు. పొద్దున లేచి ఈ నీళ్ళ మొహం చూశాకే తమ మొహం కడుక్కుంటారు. ఎక్కడివాళ్ళని అక్కడ దింపెయ్, తల్లీ.'"

అని నీళ్ళ వైపు తిరిగిపోయాడు. అక్క చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. సరంగు గబగబా అందుకున్నాడు.

"చేప భోరున ఏడ్చింది మేడమ్! నీళ్ళలో ఏడిస్తే నీకెలా తెలిసిందంటారేమో, సముద్రం అరడుగు లేచింది! సాయంత్రానికి ఊరిని తెచ్చి, ఉన్నచోటే పెట్టింది. ఒక్క గోడ బీటలిస్తే నన్నడగండి."

సర్వేయరమ్మ టీ గ్లాసు కింద పెట్టి, సంచిలోంచి ఓ కాగితం తీసి, పెన్ను మూత విప్పింది.

"అయితే మీ ఊరు ఇదివరకోసారి కదిలిందన్నమాట."

"కదలడమేంటండీ, సముద్రం చూసొచ్చింది."

"ముప్పై ఒక్క ఇళ్ళూనా?"

"ఒక్కటీ మిగల్లేదు."

"ఎవరికీ ఇబ్బంది కలగలేదు?"

"పాలు కూడా పొంగలేదని చెప్పాగా."

"మంచిది. ఇందులో ఓ గడి ఉంది, 'ఈ ఊరివారికి తరలి వెళ్ళిన అలవాటు ఉన్నదా' అని. ఉన్నది అని రాసేస్తాను. అలవాటున్నవాళ్ళయితే మాకూ సులువు."

సరంగు మొహంలో రంగు దిగిపోయింది.

"అమ్మో, రాయకండి! చేపా లేదు, గీపా లేదు! ఆ రోజు నా గాలానికి పడింది పాత చెప్పు. అదీ ఎడమకాలిది. నేను చెప్పేవన్నీ కోతలండీ, కావాలంటే ఎవర్నైనా అడగండి!"

అడగాల్సిన పనే లేకపోయింది. ఊరంతా ఒకరి మీద ఒకరు పడి సాక్ష్యం చెప్పారు.

"పుట్టిన రోజునే మొదలెట్టాడండీ," అన్నాడు వలల తాత. "ఏడుపు రాకపోయినా వచ్చినట్టు నటించాడు. నేను కళ్ళారా చూశాను."

"మా పెళ్ళికి ముందు, వాళ్ళక్కకి పదహారు భాషలొచ్చని చెప్పాడు నాకు," అన్నాడు బావ. "ఒక్కటే వచ్చు. తిట్టడానికి అదే చాలుతోందనుకోండి."

"వీళ్ళింట్లో గోడ గడియారం కూడా నిజం చెప్పదు," అంది వెనకనుంచి ఎవరో ఆవిడ.

ఒక్కో మాటకీ సరంగు అవునవునని తలూపాడు. మూడోదానికి మాత్రం, "మరీ అంత లేదు లెండి," అని నసిగాడు.

"ఉందండీ, ఇంకా ఎక్కువే ఉంది," అంది అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "వీడు చేపలు పట్టడమేంటి? కూరలో ముల్లు కనపడితే కంచం ముందునుంచి లేచిపోతాడు."

సర్వేయరమ్మ లేచింది. నీళ్ళ అంచున తేలుతున్న గడ్డిపరక ముందుకి రావడం మానేసింది. పోటు నిండింది. టేపు కొస అక్క చేతికిచ్చి గోడకి ఆనించి పట్టుకోమంది. అక్క రెండో చెయ్యి కూడా వేసి నొక్కి పట్టుకుంది. సర్వేయరమ్మ నీళ్ళ దాకా నడిచి, వంగి, రెండుసార్లు చూసింది.

"ఇరవై రెండుంపావు."

"అంటే?" అన్నాడు బావ.

"అంటే, ఇక్కడే ఉంటారు. వచ్చే ఏడు మళ్ళీ వచ్చి చూస్తాను."

అప్పుడు జనమంతా సంతోషంతో కేకలు పెట్టారు. వలల తాత సూది పారేసుకుని వెతుక్కున్నాడు. బావ వెళ్ళి ఏ కారణమూ లేకుండా సరంగుని కావలించుకున్నాడు.

ఆమెను దాటించడానికి సరంగు పడవ విప్పాడు గానీ, తెడ్డు మాత్రం ముట్టుకోలేదు.

"మేడమ్, ఆ గడిలో లేదనే రాశారు కదా? ఒక్కసారి మా అక్కకి చూపించండి, దానికి చదువొచ్చు."

ఆమె కాగితం అందించింది. అక్క చదివింది. తేదీ, పోటు వేళ, దూరం, సంతకం. తిప్పి చూసింది. వెనకంతా తెల్లగా ఉంది.

"ఇందులో ఆ గడేదమ్మా?"

"లేదండీ," అంది సర్వేయరమ్మ, పడవలో సర్దుకుని కూర్చుంటూ. "రెండు గంటలపాటు ఆయనొక్కరే కోతలు కోస్తుంటే, నాకు మాత్రం నోరూరదూ?"