అంతియొకయ దుబాసీ ఎల్యాకీము గారు

వెస్పాసియను చక్రవర్తి ఏలుబడిలో మూడవ సంవత్సరం, పస్కా పండుగ ముగిసిన మరుసటి వారం, మాన్యులు ఎల్యాకీము గారు మన అంతియొకయ సంఘంలో దుబాసీగా బాధ్యతలు స్వీకరించారు. యెరూషలేము దేవాలయం కూలిన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. యూదయ నుండి తరలివచ్చిన కుటుంబాలు నదీతీరాన గుడారాలు వేసుకొని కాలం గడుపుతుండగా, వారిలో మన విశ్వాసులైనవారు వారపు తొలినాడు ఫిలుమేనా అమ్మగారి ఇంట జరిగే ప్రార్థనకు వచ్చి, గ్రీకు ఒక్క ముక్క అర్థంకాక గోడవారగా నిలబడి వెళ్లిపోయేవారు. వారికి మనమూ, మనకు వారూ పరాయివారుగా ఉన్న ఆ కాలంలో, తల్లి వద్ద అరామీ భాషను, సీదోను రేవులో నారబట్టలు అమ్మిన తండ్రి వద్ద గ్రీకును నేర్చిన ఎల్యాకీము గారు ఇరుపక్షాలకూ నాలుక అయ్యారు. లేఖనాలు చదివే పనిలో ఉన్న గ్రీకువాడనైన నేను ఆనాటి నుండి నేటివరకు వారి పక్కనే నిలబడి పనిచేశాను గనుక, వారి పదవీ విరమణ వేళ ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

తొలి సంవత్సరాల్లో వారు పడిన శ్రమ అంతా ఇంతా కాదు. మాటకు మాట వెతకడం వారికి సులభమే గాని, ఆ మాట వినేవారి మనసులో ఏ రూపం దాలుస్తుందో ఊహించడం దుర్లభమయ్యేది. 'దేవుని కుమారుడు' అన్నప్పుడు, దేవుడు ఎన్నుకొని అభిషేకించిన రాజు యూదుల తలపునకు వస్తాడు. గ్రీకువారమైన మాకు మా దేవతల రాజు జూసుకూ మానవకాంతలకూ పుట్టిన వీరులు గుర్తొస్తారు. ప్రార్థనకు ఇల్లు ఇచ్చారే గాని విశ్వాసంలో అప్పటికింకా కొత్తవారైన ఫిలుమేనా అమ్మగారు ఒకనాడు సభ మధ్యలో లేచి, “కొడుకున్నాడన్నారు, బాగానే ఉంది. మరి ఈ సంగతి తెలిసి ఆ దేవుడి పెళ్లాం ఊరుకుందా?” అని అడిగారు.

ఆవిడేమందని యూదయవారు ఆత్రంగా చూస్తున్నారు. ఎల్యాకీము గారు నోరు తెరిచి, మూసి, చెవులు ఎర్రబడగా, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఆపై గోడవారగా నిలబడ్డ ముసలమ్మలు కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చినవారు మన మధ్య నవ్వగా చూడటం నాకు అదే మొదలు. “అమ్మా, మా దేవుడికి పెళ్లాం లేదు. కొడుకంటే ఇక్కడ తండ్రి మనసు తెలిసినవాడు, తండ్రి పని మీద వచ్చినవాడు అని” అన్నారు ఎల్యాకీము గారు. “ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా” అని ఆవిడ కూర్చున్నారు. అది మొదలు, అటువంటి మాట వచ్చినప్పుడల్లా ఎల్యాకీము గారు ఆగి, అందరి ముఖాలూ ఒకసారి చూసి గాని ముందుకు సాగేవారు కారు.

వారి సేవాకాలంలో అగ్నిపరీక్షగా నిలిచిన ఘట్టం దొమితియాను ఏలుబడి తొలినాళ్లలో సంభవించింది. ఒక సాయంత్రం రొట్టె విరిచే ముందు నేను ప్రవక్తల వాక్యాలు గ్రీకులో చదివాను. యూదులు పైకి పలకని దేవుని నామం ఉన్న చోటల్లా మన ప్రతిలో 'ప్రభువు' అని ఉంటుంది. చదవడం ముగియగానే, బట్టల అద్దకం వృత్తిగా గల నికాండ్రు లేచి అదే మాటతో యేసును స్తుతించాడు. యూదయవారికి పెద్దదిక్కు, యెరూషలేము ముట్టడిలో సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్న అజర్యా గారు అప్పటికి గ్రీకు కొంత నేర్చి ఉన్నారు. ఆ మాట వారి చెవిన పడింది.

“వీళ్లకి దేవుళ్లు ఇద్దరా అని అడుగు” అన్నారు అజర్యా గారు అరామీలో. “దేవుడు చావులోంచి లేపి, అభిషేకించి, తన కుడిపక్కన కూర్చోబెట్టిన మనిషి ఆయన. దేవుడి పేరు తెచ్చి ఆయనకి పెడితే, వీళ్లతో కలిసి నేను తినను.”

ఎల్యాకీము గారు ఒక్క అక్షరం తగ్గించకుండా గ్రీకులో చెప్పారు. “మా హెరాక్లేసు మనిషిగా పుట్టి దేవుడు కాలేదా? ఈయనా అంతే అనుకుంటే పోలా?” అన్నాడు నికాండ్రు. దీన్ని కాస్త మెత్తబరచి చెప్పండని నేను వారి చెవిలో వేడుకున్నాను. వారు తల అడ్డంగా ఊపి, హెరాక్లేసు పేరుతో సహా అప్పగించారు. అజర్యా గారు లేచారు. ఆయనతో పాటు యూదయవారందరూ లేచారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకున్నారు. వారు గడప దాటితే ఇక తిరిగిరారని, ఊళ్లో రెండు సంఘాలు, రెండు బల్లలు తప్పవని అక్కడున్న ప్రతివారికీ తెలుసు.

దుబాసీగా నిలబడిన వేళ ఎవరూ అడగనిదే సొంత మాట ఎన్నడూ పలకని ఎల్యాకీము గారు అప్పుడు పెద్దల అనుమతి కోరారు. అజర్యా గారి వైపు తిరిగి, “అన్నా, నీ తమ్ముడి కబురు తెలిసిన రోజున ఏమని ప్రార్థించావు?” అని అడిగారు.

అజర్యా గారు గడప మీద ఆగారు. “మారానా థా అన్నాను.”

“ఎవర్ని పిలిచావు?”

“యేసును.”

“దిక్కులేనప్పుడు నువ్వు దేవుణ్ణి తప్ప ఎవర్నీ పిలిచేవాడివి కాదు. ఆయన్ని పిలవాలని నీకెలా తోచింది?”

అజర్యా గారు తల వంచుకున్నారు. ఎల్యాకీము గారు నికాండ్రును చూసి గ్రీకులో, “రొట్టె విరిచాక నువ్వూ ఆ మాటే అంటావు. అర్థం తెలుసా?” అన్నారు.

“తెలీదు. నాకు బాప్తిస్మం ఇచ్చినాయన నేర్పాడు, అంటున్నా.”

“మా ప్రభువా, రా అని. హెరాక్లేసు తన బలంతో పైకెక్కాడంటారు మీవాళ్లు. ఈయన దేవుడి దగ్గర్నుంచి దిగొచ్చి బానిసలు చచ్చే చావు చచ్చాడు. దేవుడే లేపాడు. ఇద్దరు దేవుళ్లు లేరు నికాండ్రూ, ఒక్కడే. ఆ ఒక్కడే తన పేరు ఈయనకిచ్చాడు.”

ఒకరితో అన్నది రెండోవారికి కూడా వారే తిరిగి చెప్పారు. నికాండ్రు ముఖం తుడుచుకొని, హెరాక్లేసు మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆ పెద్దాయనకు చెప్పమన్నాడు. గడప మీద నిలబడ్డ అజర్యా గారు, “నాకిది పూర్తిగా మింగుడుపడలేదు తమ్ముడూ. చచ్చేదాకా పడకపోవచ్చు. కానీ పిలిచేది ఒకణ్ణే కదా” అని వెనక్కి వచ్చి కూర్చున్నారు. చంకనున్న పిల్లలు కిందికి దిగారు. చల్లారిన పప్పును ఫిలుమేనా అమ్మగారు మళ్లీ పొయ్యి మీద పెట్టారు. ఆనాడు నేను విడిచిన నిట్టూర్పు అంత హాయైనది నా జన్మలో మరొకటి లేదు.

ఆ హెరాక్లేసు మాటేదో మెత్తగా చెబితే పోయేదేముందని ఎల్యాకీము గారి ధర్మపత్ని షెలోమీతు అమ్మగారు మందలించగా, “అలా చేస్తే వాళ్లు నాతో రాజీపడేవాళ్లు, ఒకరితో ఒకరు కాదు” అన్నారట.

తదుపరి సంవత్సరాల్లో వారు నది వెంట పల్లెలన్నీ తిరిగి, పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ ఇరుభాషలవారి నడుమ నిలిచారు. క్రీస్తు సృష్టికి ముందే ఉన్నాడనేవారు, బాప్తిస్మంనాడు ఎన్నుకోబడ్డాడనేవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు; ఆ చర్చ మా కాలంలో తెగుతుందన్న ఆశ నాకు లేదు. అయినా మన బల్ల రెండుగా చీలలేదు. అజర్యా గారు కన్నుమూసినప్పుడు పాడె మోసినవారిలో నికాండ్రు ఒకడు.

ఏడాదిగా కుడిచెవి వినబడక, ఎవరి మాటను తప్పుగా చేరవేస్తానోనని భయపడి, ఎల్యాకీము గారు స్వయంగా విశ్రాంతి కోరుకున్నారు. వారి స్థానంలో ఇకపై ఇద్దరు పనిచేస్తారు. వారి ముఖంలో ఇన్నేళ్లకు నిశ్చింత చూస్తున్నాం.

షెలోమీతు అమ్మగారు నిన్న నాతో అన్నారు: “ఊరందరి మాటలూ మోసి మోసి ఇంటికొచ్చేసరికి ఈయనకి మాట మిగిలేది కాదు. ఇప్పుడు చెవి వినబడదని వంక పెడితే ఒప్పుకోను. రెండో చెవి ఉందిగా.” ఆ రెండవ చెవి చిరకాలం చక్కగా వినబడాలనీ, ఆ దంపతులు తీరిగ్గా కూర్చుని, ఎవరికీ తిప్పి చెప్పనక్కరలేని కబుర్లు చెప్పుకుంటూ, ఆయురారోగ్యాలతో, మనుమల సందడి మధ్య నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ సంఘం తరఫున, నా తరఫున మనసారా ప్రార్థిస్తున్నాను.