ఆరు నిమిషాల ముందు పేలిన ఫిరంగి

దగ్గరికి జరుగుండ్రి. భద్రయ్యా, గ్లాసు పట్టుకొని నువ్వూ రా. అల్లా పేరు తలుచుకొని మొదలుపెడుతున్న. చాయ్ పోసే మా ఫిర్దోస్ ఆపా మొహం మాడ్చుకుంది, పట్టించుకోకుండ్రి. ఆమె కొడుకు ఆసిమ్, అగో ఆ బల్ల మీద కూసున్నోడు, రేపు పామాయిల్ మిల్లు నౌకరి ఇడిసి సోమాలియా పోతుండు. నేను రాసిచ్చిన చిట్ఠీ చూపిస్తే చాలు, జనరల్ వర్సమే కొడుకు వంటపని ఇస్తడు. ఎందుకియ్యడు? వర్సమేను జనరల్ చేసిందే ఈ అహ్మద్ పాషా!

పంతొమ్మిది వందల తొంభై మూడుల నేను మేకలు మోసే ఓడ మీద వంటోణ్ని. సోమాలియాల మొగదిషు రేవుల ఆగినం. ఊళ్ళె లడాయి, గల్లీకొక సర్దార్. వర్సమే దగ్గర పన్నెండు మందే, అందరూ ఆకలి మీదున్నరు. బగారా అన్నం, మేక కూర వండి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

“తిని పండుకున్నరు,” అన్నడు భద్రయ్య.

అబ్బ! ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పనిచేసినవ్, ఓపిక మాత్రం రాలేదేందయ్యా? దేగ్చా మూత తీసిన్నో లేదో, అవతలి సర్దార్ మనుషులు తుపాకులు పడేసి పళ్ళేలు పట్టుకొని వచ్చిండ్రు. పన్నెండు మంది పన్నెండు వందలైండ్రు, శుక్రారం జుమ్మా నాటికి పన్నెండు వేలు! ఒక్క తూటా పేలకుండ ఊరు మాదైంది. మీదికెళ్ళి పోయే హెలికాప్టర్ వాసనకు కిందికి దిగింది, పైలట్ మూలగ బొక్క అడిగిండు. సొరచేపలు ఒడ్డుకొచ్చి వరుసగ కూసున్నయి.

“విస్తర్లు వేసినవా?” మల్ల భద్రయ్యనే.

వేసిన! ఇంకోపాలి అడ్డమొస్తే చెప్పను పో. ఇగ రంజాన్ వచ్చింది. పొద్దుగూకంగనే ఫిరంగి పేలాలె, అది విని ఫౌజంత రోజా ఉపాసం ఇడవాలె. ఆ దినం వర్సమే ఆకలికి ఆగలేక ఆరు నిమిషాల ముందే పేల్పించిండు. అందరూ ఖర్జూరం నోట్ల పెట్టుకొని చూస్తే సూర్యుడు ఇంకా ఆకాశం మీదనే! దినమంత ఉన్న రోజా ఖరాబైతే ఎవడూకుంటడు? పన్నెండు వేల మంది లేచి పోయిండ్రు. జనరల్ ఒక్కడే మిగిలిండు...

ఫిర్దోస్ ఆపా చాయ్ గిన్నె దబ్బున దించింది.

“చాలు పాషా! ఆ రంజాన్ల నువ్వు అశ్వారావుపేట దాటలే. మసీదుల సైరన్ ఆరు నిమిషాల ముందు నొక్కింది నువ్వే. పండుగైనంక పేటంత ఇంకో రోజా ఉన్నం నీ పుణ్యాన. నువ్వు ఎక్కిన ఓడ ఏది? గోదాట్ల పడవ ఎక్కమంటేనే కండ్లు తిరుగుతయి నీకు! నీ కోతలకు నా కొడుకు నౌకరి పోవాలెనా?”

భద్రయ్య నవ్వలే. నవ్వినా బాగుండు.

ఆసిమ్ చిట్ఠీ తీసి నా ముందల పెట్టిండు. “మామూ, నిజం చెప్పు. జనరల్ కొడుకు ఉన్నడా?”

నా నోట్ల ఇంకో ఓడ, ఇంకో ఫౌజు తయారుగనే ఉన్నయి. పిల్లగాని మొహం చూసిన.

“లేడు బేటా. జనరలే లేడు. మిల్లుకు పో.”

ఇగో, సొరచేపలను మరిచిపోండ్రి, ఫరవాలేదు. గిదొక్కటి యాదుంచుకొని పోయిన కాడల్లా చెప్పుండ్రి: అశ్వారావుపేట పాషా ఒకనాడు, అందరి ముందు, ‘లేడు’ అన్నడు.