సున్నం గీత

రోడ్ల మీద బతికి వచ్చినవాళ్ల కోసం నడిపే వసతిగృహం వెనక, దాని నిర్వాహకురాలు తోట వేయించింది. ఆ ఉదయం వచ్చి చూస్తే మళ్లలో ఒక్క మొక్కా లేదు! తోట పని చూసే ముసలాయన గదిలోకి ఆమె పరుగెత్తింది. మంచం చుట్టూ గోనెసంచులు, వాటి నిండా వంగ, టమాటా మొక్కలు.

"తాతా! కాపుకొచ్చిన మొక్కల్ని పీకేశావా?"

"పీకలేదమ్మా, వేళ్ల మట్టితో సహా పెళ్లగించాను. దారిలో చావవులే."

"ఏ దారిలో? ఎక్కడికి పోతావు?"

"ఆ సంగతి వాళ్లెప్పుడు చెప్పారు గనక? నిన్న తోట మధ్యలో సున్నం గీత గీశారు. గీత పడ్డ మర్నాడు బుల్డోజరు వస్తుంది. గుడిసె వేసుకున్న ప్రతి చోటా అంతేగా! పోయినసారి గిన్నెలు కూడా సర్దుకోనివ్వలేదు."

ఆమె అతని పక్కన కూర్చుంది.

"తాతా... ఆ గీత గీయించింది నేనే."

"నువ్వా!"

"మీరంతా కూర్చోడానికి అరుగు కట్టిద్దామని. మిమ్మల్ని ఎవరూ పొమ్మనరు."

ముసలాయన ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. ఒళ్లోని సంచి మాత్రం కింద పెట్టలేదు.

"వాళ్లూ ఇంత మెత్తగానే మాట్లాడారు తల్లీ. ముందు అరుగు కట్టు. దాని మీద కూర్చున్నాక నాటుతా."