అన్న పేరు మీద నౌకరి

"పెద్దమ్మా, నేను కోర్టుల మధ్యవర్తి శిక్షణకు పోతున్న. మీ ఇంటి పంచాయితీ రూతమ్మ టీచర్ ఎట్ల తెంపిందో చెప్పరాదు. ఫోన్ల రికార్డు చేసుకుంట."

చేస్కో బిడ్డా. గని జర దగ్గర పెట్టు, నా గొంతు పోయింది. ఆ ఫ్యాను బందు చెయ్యి, చప్పుడు. ఆఁ.

మా ఆయన పేరు లింగయ్య. నువ్వు పక్క క్వార్టర్ల పెరిగినదానివి, పెద్దబాపు అనుకుంట తిరిగినవు గని, నీకు ఆయన పేరు రాజమల్లు అనే ఎరుక గదా? కాదు. రాజమల్లు ఆయన అన్న, మా బావ. కమాన్‌పూర్ దిక్కు మా అత్తగారి ఊరు. బొగ్గుబాయిల నౌకరికి పిలుపు కాయితం వచ్చింది బావకు. ఒక్క షిఫ్టు దిగిండు. పైన బండ చూసిండట, టోపీ లైటు ఆరితె తన చెయ్యి తనకే కానరాలేదట. పైకొచ్చి, సచ్చినా మళ్ళ దిగ అన్నడు. మా మామ, వచ్చిన నౌకరి ఎందుకు ఇడువాలె అని, చిన్నోన్ని పట్టుకొచ్చి పెద్దోని పేరు మీద దించిండు. అప్పట్ల గట్ల శానామంది చేసిండ్రు. ఫోటో గీటో ఎవరు చూసెటోళ్ళు? అప్పటికి నాకు పెండ్లి గాలే... కాదు కాదు, అయింది, ఆ ఎండకాలమే అయింది. ఊరి నుంచి ఈ బాయిలున్న ఖని ఊరికి బస్సుల రూపాయే తీస్కునేది. ఒక ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు పట్టుకోని వచ్చినం.

ఇగ కాలనీల నన్ను అందరు రాజమల్లు పెండ్లాం అనుడే. మా బావ పేరు! నాకు సచ్చేటంత సిగ్గు. ఊరికి పోతె మా యారాలు పోశవ్వ, అంటే బావ భార్య, నలుగుర్ల "ఏమమ్మా, నా మొగని పెండ్లామా, వచ్చినవా?" అనేది. అందరు నవ్వేటోళ్ళు. నేను గూడ నవ్వేదాన్ని, ఏం చేస్త? లోపల మాత్రం, ఆ పేరుతోని నేను పడ్డ బాధ ఎవలు పడలేదు అనుకునేదాన్ని.

ముప్పై ఆరేండ్లు చేసిండు. ఊపిరితిత్తులు ఖరాబైనయి. ఇగ పనికి రాడని మెడికల్ బోర్డు రాసింది. గట్ల రాస్తె పిల్లలల్ల ఒకలికి నౌకరి ఇస్తరు గదా, మా కొడుకు శీను పేరు పెట్టినం. అక్కడ దొరికినం. శీను సదువు కాయితాలల్ల తండ్రి లింగయ్య. కంపెనీల రాజమల్లు. నువ్వు ఈయన కొడుకువేనని రుజువేంది అన్నరు. అసలు రాజమల్లు వచ్చి, నేను నౌకరి చెయ్యలే, చేసింది నా తమ్ముడు అని ప్రమాణం రాసియ్యాలె.

బావకు ఒక్కడే కొడుకు, కుమార్. వాని కాయితాలల్ల తండ్రి పేరు రాజమల్లే. వాడు సుత దరఖాస్తు పెట్టిండు. "పేరు మా బాపుది, నౌకరి నాది" అన్నడు. మా ఇంట్ల నాలుగేండ్లు ఉండి సదువుకున్న పోరడు బిడ్డా, నా చేతి అన్నం తిన్నోడు. ఇద్దరు పెట్టంగనే ఫైలు పక్కకు పడ్డది. శీనుకు వయసు దాటనీకి ఇంక ఎనిమిది నెలలే. కోర్టుకు పోతె ఏండ్లు పడ్తది, గప్పటికి ఇద్దరికీ లేకుంట పోతది అన్నడు వకీలు.

ముందుగాల కుల పెద్దలను కూసోబెట్టినం. నలభై మంది వచ్చిండ్రు. గంతమంది ముంగట ఎవడన్న తగ్గుతడా? "బాయిల పానం పెట్టింది నేను" అన్నడు మా ఆయన. బావ తలకాయ ఎత్తలే. కుమార్ కుర్చీ ఎత్తిండు.

గప్పుడు రూతమ్మ టీచర్ దగ్గరికి పోయిన. చర్చి మనిషి, మాకు చుట్టం కాదు, పక్కం కాదు. ఇద్దరు పోరగాండ్లకు ఆమెనే సదువు చెప్పింది. ఆమె ఏమన్నదంటే, ఆరుగురే రావాలె. అన్నదమ్ములు, మేము ఇద్దరు ఆడోళ్ళం, పోరగాండ్లు ఇద్దరు, అంతే. దానికన్న ముందు ఎవలింటికి వాళ్ళింటికి తనే వచ్చింది. నేను గంటసేపు చెప్పిన. అంతా ఇన్నది. లేచి పోయేటప్పుడు అడిగింది, "లక్ష్మీ, పేరు మీకిచ్చినంక మీ బావ ఏ పేరుతోని బతికిండు?" నిజం చెప్తున్న, ఆ సంగతి నేను ఎన్నడు ఆలోచన గూడ చెయ్యలే.

ఆదివారం, వాళ్ళ ప్రార్థన అయినంక, ఆమె వాకిట్ల కూసున్నం. అదే మాట బావను అడిగింది. బావ చెప్పిండు. "తెల్ల కార్డుకు పోయిన టీచరమ్మా. కంపెనీల నౌకరున్నోనికి తెల్ల కార్డేంది అన్నరు. సర్కారు ఇండ్లకు రాసుకున్న. అదే మాట చెప్పి పేరు కొట్టేసిండ్రు. ఆ నౌకరి చేసేటోడు నేను కాదని చెప్తె తమ్ముని నౌకరి పోతది. ఎట్ల చెప్త?"

గన్నేండ్లు నోరు మూసుకోని ఉన్నడు, సూడు. మేమేమో ఊళ్ళె సుఖంగ ఉన్నడు అనుకున్నం.

మా ఆయన దమ్ము తీసుకుంట లేచి, "అన్నా, నాకెందుకు చెప్పలే?" అని కాళ్ళు పట్టుకున్నడు. కుమార్ అన్నడు, "కాళ్ళు మొక్కితె నాకేమొస్తది కాకా?" శీను మీదికి లేవబోయిండు. టీచర్, "కూసో శీను. వాడు అడిగిన దాంట్ల తప్పేంది? ఏమొస్తది?" అని మా దిక్కు చూసింది.

ఊళ్ళె మా వంతు ఎకరంనర ఉన్నది. ఇస్త అన్నడు మా ఆయన. నేను ఇయ్య అన్న. ఆయన ఎన్ని రోజులుంటడో తెల్వదు, రేపు క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. నాకని ఉన్నది ఆ చెలకనే. శీను నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. టీచర్ మాత్రం బలవంతం చెయ్యలే. ఒప్పందం రాద్దామని తీసిన కాయితం మడిచి సంచిల పెట్టింది. "లక్ష్మి మనసుల లేనిది నేను రాయ. మళ్ళ ఆదివారం కూసుందాం" అన్నది.

ఆ వారం ఒక్కదాన్నే ఊరికి పోయిన. బావ ఇల్లు ఎన్నిసార్లు చూడలే? గని గప్పుడు చూసిన. ఒక దిక్కు గోడ లేదు, ప్లాస్టిక్ పరదా కట్టుకున్నరు. పోశవ్వ "రా" అన్నది, అంతే. అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కునేటప్పుడు, "అర ఎకరం నువ్వు ఉంచుకో చెల్లే, ఎకరం మావోనికి ఇయ్యి. వాన్ని నేను ఒప్పిస్త" అన్నది.

మళ్ళ ఆదివారం, ఎకరం ఇస్తమని కాయితం మీద వేలిముద్ర పెట్టిన. దరఖాస్తు వాపస్ తీసుకుంటనని కుమార్ మూతి ముడుచుకోని సంతకం పెట్టిండు. శీనుకు నౌకరి వచ్చినా, ఇప్పటికి సుత వానితోని రెండు మాటలకు మించి మాట్లాడడు. అన్ని అతకవు బిడ్డా. అతికినయని రాస్కోకు.

బావ ప్రమాణం రాసిచ్చిండు. ఆఫీసుకు అందరం పోయినం. బల్ల మీద అన్నదమ్ములు పక్కపక్కన కూసున్నరు. లోపటి నుంచి గుమాస్త "లింగయ్య" అని పిలిసిండు. ఎవలు లేవలే. మళ్ళ పిలిసిండు. మా ఆయన గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు. గన్ని ఏండ్లల్ల ఆ ఆఫీసుల ఆ పేరు ఆయనకు ఎన్నడు వినపడలే గదా. బావ మోచేతితోని పొడిచి, మెల్లగ అన్నడు, "తమ్మీ, లేవు. నిన్నే."

...ఇగ చాలు, బందు చెయ్యి. రేపు నీ ముంగట పంచాయితీకి కూసున్నోళ్ళు పోయేటప్పుడు ఒక్క ఆటోల ఎక్కి పోవాలె బిడ్డా. గంతే. ఉండు, చాయ్ పెడుత, తాగి పోదువు.